ఏసేపును తరుముకున్న మంచు

కోసిగి టేషను ముందర చిన్న ఈరన్న చాయంగడి. వానల్లేక, చేన్లలో పనుల్లేక పొద్దున్నే జనం ఆడ చేరినారు. యుద్ధంలో ఒక దొరకు వంట చేసి మొన్ననే ఊరికొచ్చిన ఏసేపు బల్ల మీద కూచోని మొదలుపెట్టినాడు.

"కాశ్మీరం కొండల్లో మంచు శానా మోసకారిదప్పా. పైన గట్టిగా ఉంటాది, అడుగున జొన్ననూక మాదిరి జారతాంటాది. నేను గరిటెతో గుంత తీసి చూస్తి. 'దొరా, రాత్రంతా గాలి కొట్టె, కొత్త మంచు పేరుకునె, ఈ వాలు మీద పోతే కొండే జారతాది' అంటి. దొర నా మాట ఇని ఆగిపాయ."

"అంతవరకు బాగనే ఉండాది," అన్నాడు మారెన్న.

"ఆగిన దొర ఊరికే ఉండచ్చు గదా, గట్టిగా తుమ్మె! ఆ తర్వాత ఏమైందో తెలుసునా? కొండకొండే ఊడి మా మీదికొచ్చె. దొరను సంకలో పెట్టుకుంటి, సామాన్లు మోసే కంచరగాడిదల్ని కట్టగట్టి భుజానికేసుకుంటి, రొట్టెల పెనం మీద కూచోని జర్రున జారితి. రాపిడికి పెనం ఎర్రగా కాలె. ఊరికే పోనీడమెందుకని దోవలోనే దొరకు రొట్టె కాల్చి పెడితి."

"పెనం మీద నువ్వే కూచోనుంటివి గదా?" అన్నాడు ఈరన్న.

"పక్కకు జరిగితి లేప్పా! కింద టేషన్లో రైలెక్కితి. మంచు ఇడుస్తాదా? పట్టాలెంబడి రైలును తరుముకునె. ఢిల్లీ దాటె, బొంబాయి దాటె, కృష్ణ దాటి రాయచూరు కాడికొచ్చె! నాకు రోషమొచ్చె. మా ఊర్లో ఆడోళ్లుండారు, పిల్లోళ్లుండారు, ఇంకొక్క అడుగేస్తే చూడు అని, రైలు దిగి రెండు చేతుల్తో ఎనక్కి నూకితి!"

ఖాళీ బిందెతో అటుగా పోతున్న లక్ష్మక్క ఆగింది.

"రాయచూరు దాకా వచ్చిన నీళ్లను ఎనక్కి నూకితివా?"

"నీళ్లు గాదక్కా, మంచు."

"కరిగితే ఏమైతాది? మా బాయిలో బురద గూడా ఎండిపాయ. వాకిట్లోకొచ్చిన నీళ్లను తరిమేసొచ్చి, ఈడ కూచోని చా తాగుతాండావా?"

మారెన్న తువ్వాలు దులిపి లేచినాడు. "నిజమే గదప్పా. ఆ నీళ్లొచ్చింటే మా చేన్లన్నీ పండుండు!"

అందరూ ఏసేపును చుట్టుముట్టినారు. ఈరన్న వచ్చి చేతిలో చా గ్లాసు లాక్కున్నాడు.

ఏసేపు మొగం తెల్లబోయింది. "అమ్మా తల్లీ, అంతా ఉత్తదే! నేను పూనా దాటి పోనేలేదు. మంచు సంగతి దొర చెప్తాంటే ఇన్నా, అంతే. కండ్లతో గూడా చూడల్యా!"

"ఇంతసేపు చెప్పిందంతా నమ్మితిమి గానీ, ఇది మాత్రం నమ్మం," అంది లక్ష్మక్క. "రాయచూరు పోయే రైలొచ్చే యాళాయ. పో, పోయి ఆ మంచును పిల్చుకోని రా."

ఖాళీ బిందెను ఏసేపు చేతుల్లో పెట్టింది.