బడి గేటుకు ఇవతల

ఇథియోపియాలో రైలు పని ముగించుకుని, కంపెనీ మాట మీద జకార్తాకు పోతున్న అతను, విమానం మారడానికి చైనాలోని సొంత ఊరు గ్వాంగ్‌జౌలో దిగాడు. చేతిలో ఆరు గంటలుంటే, ఇంటికైనా పోకుండా కూతురు కాలేజీ ప్రవేశ పరీక్ష రాస్తున్న బడికి ఎదురుగా ఉన్న టీ కొట్టుకు వచ్చాడు. భార్య అప్పటికే అక్కడ కూర్చుని ఉంది.

"పెళ్ళినాడు కూడా ఇంత ఎర్రగా ముస్తాబు కాలేదు నువ్వు."

"ఈ పరీక్షకి తల్లి ఎర్రబట్ట కడితే కలిసొస్తుందట. గేటు దగ్గర చూడు, అందరం అంతే."

"నేనొచ్చానని జియాయూకి చెప్పలేదు కదా?"

"చెప్తే ఇంకేమన్నా ఉందా? మూడింటికి దానికి లెక్కల పరీక్ష, నీకు విమానం. నిన్ను చూసి ఏడుస్తూ కూర్చుంటే లెక్కలన్నీ నీళ్ళపాలే."

"సరేలే. ఇక్కణ్ణుంచే చూస్తాను."

పొద్దుటి పరీక్ష ముగిసినట్టు గంట మోగింది. పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. అతను లేచి నిలబడ్డాడు.

"ఏదీ, కనబడదే?"

"అదిగో, మెట్ల మీద పొడుగు పిల్ల."

"కళ్ళజోడు పిల్లా? మనది కాదు."

"మనదే."

"కళ్ళజోడు ఎప్పుడొచ్చింది?"

"రెండేళ్ళయింది. నువ్వు వీడియో కాల్ చేసినప్పుడల్లా తీసి పక్కన పెడుతుంది, నాన్న దిగులు పడతాడని."

అతను మళ్ళీ మెట్ల మీది కళ్ళజోడు వైపు చూశాడు.

"ఫోను దూరంగా బల్ల మీద నిలబెడుతుంది కదా. మరి నేను కనబడతానా దానికి?"

"మసగ్గా. గొంతు వింటే చాలంటుంది."

"వెళ్ళు, నీకోసం వెతుకుతోంది."

"నువ్వో?"

"మీరు మలుపు తిరిగేదాకా చూసి, పోతాను."