టేపు చెప్పిన మాట

1964లో, ధర్మవరంలో. జీవితమంతా నాటకాలకు హార్మోనియం వాయించిన ఒకాయన, తాను కట్టిన పాటను అరువు తెచ్చిన టేపురికార్డరులో పాడి, తొలిసారి తన గొంతు తానే విన్నాడు. పట్టుదారం కండెలకు చుడుతున్న భార్యకు అందులో కొత్తేమీ వినిపించలేదు.

"నా గొంతు పై స్వరం కాడ జారిపోతాండాది. మిషన్ చెడిపోయినట్లుండాది."

"మిషన్ బాగనే ఉండాది. పెనుకొండలో పాడినపుడూ ఆడనే జారినావు."

"ఆపొద్దు జనం చప్పట్లు కొట్టిరి గదా."

"పాట అయిపోయిందని కొట్టిరి."

"మరి నువ్వన్నా చెప్పకూడదా?"

"చెప్తి. కండెలు చుట్టేదానికి సంగీతమేం తెలుసంటివి. నేను నోరు మూసుకుంటి. మిషన్‌కు నువ్వు మొగుడివి కావు, అది మూసుకోలేదు."

"రేపు హిందూపురం నాటక కంపెనీకి ఈ టేపు పంపల్ల. ఇప్పుడేం చేసేది?"

"శ్రుతి దించి మళ్లీ పాడు. అరవై ఏండ్ల గొంతుతో ఇరవై ఏండ్లోని మెట్టు ఎక్కాలంటే యాడయితాది?"