కెమెరా వైపు చూసినవాళ్ళు

(ప్రదర్శన ముగిసిన హాలు. గోడల మీది ఫోటోలు దించుతున్న ముసలి ఫోటోగ్రాఫరు, అప్పుడే లోపలికి వచ్చిన ఒకామె.)

"అది దించకండి సార్, ఒక్క నిమిషం. ఆ కాళ్ళు మా అమ్మవి."

"ఏవమ్మా? ఈ దుప్పటి కింద కనబడేవా?"

"అవే. చిటికెన వేలు పక్కవేలి మీదికెక్కి లేదూ? నాకూ అంతే, చూడండి."

"చెప్పు విప్పక్కర్లేదు, నమ్మాను. ఇది ఆస్పత్రి లాండ్రీ. పాతికేళ్ళ పైమాట. ఇద్దరు ఆడవాళ్ళు దుప్పటి మడతపెడుతున్నారు. నాకు పేరు తెచ్చింది ఈ ఫోటోనే."

"మా అమ్మకేం తెచ్చిందండీ? ఊరికే అన్నాన్లెండి, ఏమీ అనుకోకండి. నాకు మొహం ఉన్నది కావాలి. ఇంట్లో ఒక్కటీ లేదు. మీరు తీసిన మరుసటేడే పోయింది. నాకప్పుడు ఏడేళ్ళు. గొంతు గుర్తుంది, తిట్లు గుర్తున్నాయి. మొహం మాత్రం ఎంత తలుచుకున్నా రాదు."

"నేనక్కడ ఉన్నది వారం రోజులే..."

"తెలుసు. ఆ వారమంతా ఉన్న ఒక్క మంచి చీరే కట్టుకెళ్ళింది. ఆవిరిలో తడిసి ముద్దయ్యే పనికి ఎవరన్నా మంచి చీర కడతారా? ఇంటికొచ్చి, 'ఇవాళ కూడా నన్ను తీశాడే' అనేది. రోజూ అనేది."

"రోజూనా."

"రోజూ. మరి అవన్నీ ఏవి?"

"లేవమ్మా."

"ఏ పెట్టెలోనన్నా..."

"లేవు."

"వెతక్కుండానే లేవంటే ఎలాగండీ?"

"వెతకడానికి ఉంచితేగా. నాకో పద్ధతుండేది. బతుకు ఉన్నదున్నట్టు రావాలని. ఎవరన్నా కెమెరా వైపు చూశారా, ఆ ముక్క ఫిల్ములోంచి కత్తిరించి పారేసేవాణ్ణి. మనల్ని చూశారంటే ఇక నటిస్తారు, అది పనికిరాదు అనుకునేవాణ్ణి."

"అమ్మ చూసిందా?"

"నీలం చీరేనా? భుజం దగ్గర పెద్ద పిన్నీసు?"

"నేనే పెట్టేదాన్ని, స్టూలెక్కి."

"కెమెరా ఎత్తినప్పుడల్లా చూసేది. చూసి నవ్వేది. 'అటు తిరుగమ్మా, నీ పని నువ్వు చేసుకో' అని విసుక్కునేవాణ్ణి. ఆఖరి రోజు దుప్పటి అడ్డమొచ్చింది. అప్పుడు తీసిందే ఇది."

"మొహం కనబడలేదు కాబట్టి ఉంచారన్నమాట."

"అవునమ్మా."

"పోనీ, చెప్పండి. మీరు చూశారుగా. ఎలా ఉండేది?"

"నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి. కుడి బుగ్గన సొట్ట. ముందు పన్ను కాస్త విరిగి ఉండేది."

"పన్ను విరిగిందా? అది నాకు తెలియనే తెలియదు."

"ఈ ఫోటో నువ్వు తీసుకెళ్ళమ్మా. అద్దంతో సహా."

"ఎందుకు సార్? కాళ్ళు నాకున్నాయి."

"కోపమొస్తే నాలుగు తిట్టు, పడతాను."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? వస్తాను. మీకేంలెండి, మీ ఇంట్లో గోడనిండా మీవాళ్ళే ఉంటారు."

"మా ఆవిడ పోయి ఆరేళ్ళు. ఒక్క ఫోటో లేదమ్మా. కెమెరా ఎత్తితే చాలు, నా వైపే చూసేది."