ఉదయం సీసా, రాత్రి సీసా

ఆసుపత్రి పరీక్షగది కిటికీ. లోపల పరీక్షలు చేసే ఆవిడ, బయట ఒక అక్క, ఆమె తమ్ముడు.

"మళ్ళీ అదే పని చేశారు బాబూ. సీసాలు తారుమారు."

"చెయ్యలేదండీ."

"చేశారు. పొద్దున లేవగానే ఉమ్మింది ఈ సీసాలో, రాత్రి పడుకోబోయే ముందు ఉమ్మింది ఆ సీసాలో. చెప్పానా లేదా?"

"చెప్పారు. అలాగే చేశాను."

"అయితే ఇదేంటి? ఒత్తిడి హార్మోను పొద్దున ఎక్కువుండాలి, రాత్రికి తగ్గాలి. మీకు రాత్రి చుక్కల్లో ఉంది, పొద్దున అడుగంటింది. మీ అక్కగారా ఈవిడ?"

"అవునండీ. చిన్నప్పుడు వీడు కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకునేవాడు. సీసాలూ అలాగే చేసుంటాడు. ఇంకో రెండివ్వండి, నేను దగ్గరుండి పట్టిస్తాను."

"అక్కా, మార్చలేదన్నాను కదా."

"నువ్వూరుకో."

"మార్చకపోతే ఇంకా కష్టమమ్మా. డాక్టరుగారు చిన్నప్పటి సంగతి అడిగితే ఏమీ లేదన్నాడట. చిన్నతనంలో దెబ్బలూ భయాలూ పడ్డవాళ్లలో కొందరికి పెద్దయ్యాక ఈ హార్మోను ఇలా గతి తప్పుతుంది. ఇంట్లో ఏమైనా..."

"ఏమీ లేదండీ."

"అందరి ఇళ్లలో ఉన్నదేనండీ."

"ఏమీ లేదా, అందరి ఇళ్లలో ఉన్నదా? ఇద్దరూ కలిసి ఒక మాట చెప్పండి. ఇది తేలకుండా మీవాడు క్రేను ఎక్కడానికి డాక్టరుగారు సంతకం పెట్టరు. ఆ బల్ల మీద కూర్చోండి."

"రా, కూర్చో. విన్నావా? సంతకం లేకపోతే ఉద్యోగం పోయినట్టే. మొన్న ఇనుప దూలం గాల్లో ఉండగా నీ చేతులు బిగుసుకుపోయాయట. కింద మనుషులున్నారట. మీ మేస్త్రీ చెప్పాడు."

"దింపాను కదా."

"రాత్రిళ్లు పడుకుంటున్నావా?"

"మంచం మీదే ఉంటాను."

"అది కాదు నేనడిగింది."

"నువ్వు పడుకుంటున్నావా?"

"నాకేం. మీ బావ గురక వినపడినంతసేపూ హాయిగా పడుకుంటాను. అది ఆగితేనే మెలకువ వచ్చేది."

"అదృష్టవంతురాలివి. నాకింకా చెప్పుల చప్పుడే."

"ఎవరి చెప్పులురా? నాన్న చెప్పులేసుకుని ఏడాదయింది."

"తెలుసు."

"ఈడ్చుకుంటూ వస్తే తాగొచ్చాడు, పడి నిద్రపోతాడని ఊపిరి పీల్చుకునేవాళ్లం. చప్పుడు లేకుండా వచ్చిన రోజే..."

"ఇక్కడొద్దు."

"నిన్ను బీరువా వెనక్కి తోసేదాన్ని. అమ్మ పోయాక తొలిజాము కాపలా నేను, మలిజాము నువ్వు. ఎనిమిదేళ్ల వాడివి. గోడకానుకుని కునికేవాడివి గానీ నడుం వాల్చేవాడివి కాదు."

"నీ పెళ్లయ్యాక రెండు జాములూ నావేగా."

"ఆ మాట అనడానికి ఇన్నేళ్లు ఆగావా?"

"అడిగావు, చెప్పాను."

"సరే, తిట్టు. పడతాను. కానీ ఇప్పుడెందుకురా ఈ జాగారం? నాన్నకి ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయాయి. నోట్లో ముద్ద పెడితే తప్ప తినలేడు. ఆ మనిషికి భయపడతావా?"

"గొంతు పడిపోలేదు. రాత్రిళ్లు మంచినీళ్లడుగుతాడు. 'ఒరేయ్' అంటాడు. అదే గొంతు."

"ఇవ్వడానికి ఆయా ఉందిగా."

"ఇస్తుంది."

"మరింకేం? మా ఇంటికొచ్చెయ్. ముందుగదిలో పడుకుందువు గాని."

"ఆయన్ని ఎవరు తిప్పుతారు? ఒళ్లు పుళ్లు పడకుండా పూటపూటకీ పక్కకి తిప్పాలి. ఆయా ఒక్కదాని వల్ల కాదు."

"నువ్వు తిప్పుతున్నావా?"

"మరెవరు?"

"నీ చేతులతో?"

"నా చేతులతోనే. సబ్బు పెట్టి వీపు తుడుస్తాను. పెరిగితే గడ్డం గీసేవాణ్ణి."

"కత్తితోనా?"

"మొదట్లో. ఇప్పుడు ఆయాని గియ్యమంటున్నాను."

"ఏమ్మా, తేలిందా? అవతల జనం ఉన్నారు."

"ఒక్క నిమిషమండీ. ఒరేయ్, లోపలికెళ్లి నిజం చెప్పేద్దాం. కొట్టేవాడండీ, ఇంకా ఆ భయం పోలేదండీ అని. నేనే చెప్తాను. చెబితే మందిస్తారు. నిద్ర పడుతుంది."

"నిద్ర మందు వద్దు."

"ఎందుకొద్దు?"

"మత్తులో మనిషి ఏం చేస్తాడో మనిషికి తెలియదు."

"ఏం చేస్తావు, పడుకుంటావు. అంత భయమైతే గొళ్ళెం వేసుకో. నీ గదికి కొత్తది పెట్టించుకున్నావని ఆయా చెప్పింది. మంచంలో ఉన్న ముసలాడికి గొళ్ళెమేమిటే అని నవ్వాను."

"అదేమంది?"

"మొహం తిప్పుకుని గిన్నెలు కడుక్కుంది."

"మంచిది."

"ఏం మంచిది? గొళ్ళెం వేసుకున్నాక కూడా నిద్ర పట్టకపోవడమేమిట్రా? తలుపు విరగ్గొట్టుకుని వస్తాడా?"

"గొళ్ళెం లోపల లేదక్కా."

"మరి?"

"బయట. నేను గదిలోకెళ్లాక ఆయా వేస్తుంది. తెల్లారాక తీస్తుంది. పిలిచినా, బతిమాలినా తియ్యొద్దని చెప్పాను."

"నిన్ను నువ్వే బంధించుకోవడమేమిట్రా? ఆయన లేచి రాలేడు కదా."

"ఆయన లేవలేడు. నేను లేవగలను."