మగ్గం ముందు కూర్చున్న బొమ్మ

వరంగల్ శివారులోని మరమనుషుల పార్కులో మగ్గం నేసే బొమ్మ చెడిపోయింది. అక్కడి మేనేజర్, నేతపని తెలిసిన యమున అనే అమ్మాయి ముఖానికి వెండి రంగు పూయించి, ఆమెను దాని చోట కూర్చోబెట్టాడు. నోరు విప్పితే పని పోతుందని ముందే చెప్పాడు. మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లు అడ్డంగా కట్టిన తాడు దాటి ఆమె దగ్గరికి వచ్చారు.

"అరే, జర లైటర్ ఇయ్యి."

"ఎందుకురా? ముట్టొద్దని బోర్డు పెట్టిన్రు గద."

"మిషినే గదరా బై! చెయ్యి కాలిస్తే ఏమంటదో చూద్దాం. థాంక్యూ సార్ అంటదేమో!"

"గార్డు చూస్తే బయటికి నూకుతడు."

"గార్డు చాయ్ తాగుతాండు. నువ్వు వీడియో తియ్యి."

మంట మణికట్టు దగ్గరికి వచ్చింది. వేడికి యమున చెయ్యి పక్కకు జరిగి, మగ్గం మీద ఒక పోగు తెగింది. పోగు అతకడం ఆమె పుట్టినప్పటి నుంచి ఇంట్లో చూసిన పని. ఆమె వేళ్లు వాటంతటవే నాలుకను తాకి, తెగిన కొసలను తడిపి మెలిపెట్టాయి.

"ఆగురా! లైటర్ పక్కకు తియ్యి!" వీడియో తీస్తున్నవాడు అరిచాడు.

"ఏమైందిరా?"

"పోగు ఎట్ల అతికిందో చూసినవా? మా అమ్మ గిట్లనే అతుకుతది."

"నేర్పిన్రేమో."

"మిషిన్‌కు ఎంగిలి యాడికెల్లి వస్తదిరా?"

లైటర్ పట్టుకున్నవాడు మంట ఆర్పేసి ఆమె వైపు వంగాడు.

"చెల్లె... కాలిందా?"

యమున గార్డు వైపు ఒకసారి చూసి, తల దించుకుని, నూలు చుట్టిన నాడెను పోగుల మధ్య నుంచి అటు విసిరింది.

"మాట్లాడియ్యకురా. ఆమె పని పోతదేమో."

ఇంతలో పిల్లల గుంపు ఒకటి అరుచుకుంటూ తాడు దగ్గరికి ఉరికొచ్చింది. లైటర్ పట్టుకున్నవాడే వాళ్లకు అడ్డం నిలబడ్డాడు.

"ఏయ్, దూరం జరుగుండ్రి! ముట్టుకుంటే షాక్ కొడ్తది!"