గొడుగావిడ ఏ ఆటలోది?

దర్జీకి పెళ్లయి మూడు వారాలు. భార్యతో పాటు తన ఇంటికి వచ్చిన ఆమె పదిహేనేళ్ల కూతురి పక్కన, సోఫా అంచున కూర్చుని, టీవీ తెర మీది బొమ్మల కొట్లాట వీడియో ఆటలో ఏ మీట నొక్కాలో తెలియక తికమకపడుతున్నాడు.

“ఈ గొడుగావిడ ఎవరమ్మా?”

“మీరే అంకుల్! మీరే కదా ఎంచుకున్నారు?”

“కోటు కుట్టు బాగుందని తీసుకున్నా. అయితే ఇందాకటి నుంచీ నేను ఎలుగుబంటిని కాదా?”

“అది నేను!”

“ఓరి నాయనో, నన్ను చితకబాదుతుంటే నేనే చప్పట్లు కొట్టానా? ఇంతకీ వీళ్లిద్దరికీ ఏం తగవు?”

“తగవేం లేదు. ఎలుగుబంటిది వేరే ఆట, ఆవిడది వేరే ఆట. సొంత ఆటలో ఆవిడ ఉత్తరాలు పంచుతుంది, అంతే. తెచ్చి ఇందులో పడేశారు.”

“పాపం, ఎవరూ తెలియని చోట ఏం చేస్తుంది?”

“తన్నులు తింటుంది. మొదట్లో నేనూ నవ్వాను. తర్వాత అసలెవరీవిడ అని, వెళ్లి ఆవిడ ఆట మొత్తం ఆడాను.”

దర్జీ మీటలు నొక్కడం మానేశాడు.

“ఏంటి అంకుల్?”

“ఏం లేదమ్మా. అదృష్టవంతురాలు, ఎవరో ఏమిటో వెళ్లి చూసేవాళ్లు దొరికారు.”

ఆ పిల్ల ఆట ఆపింది.

“మీ కొట్టు నేనింకా చూడనేలేదు. రేపు రానా?”