యారాలి లాపుటాపు

లాపుటాపు నంబరు నన్నడిగితే నాకేం ఎర్క సారూ? అది నాదా ఏంది? మా యారాలు అఖిలది, మా మరిది పెండ్లాంది. బిల్లు, డబ్బ, అడుగున ఉండే నంబరు, అన్నీ ఆమెకే ఎర్క. నేనొచ్చింది రేణుకమ్మ కోసం. పొద్దటి సంది ఠాణాల కూసోవెట్టిండ్రంట గదా.

చెప్త, చెప్త. ముందుగాల ఇది ఇనుండ్రి. గా ఒక్క లాపుటాపును కాపాడనీకి మా ఇంట్ల ఎన్ని ఏషాలేసిండ్రో! దానికో పాస్‌వర్డు. ఎవడన్న ఎత్కపోతే యాడున్నదో ఫోన్ల సూపెట్టేదింకోటి. అడుగున సూదితోటి గీకి పేరు గూడ రాసుకున్నది. ఇంట్ల కూసోని హైదరాబాదు కంపెనీకి కొలువు సేస్తది గదా, అది పోతే కొలువే పోతదంట. సరే, సేసుకో. ఎవరొద్దన్నరు?

గని మా అత్త ఏం జేసింది? బీరువ తాళంచెవి తీసి ఆమె చేతుల వెట్టింది! "లోపట పెట్టుకో బిడ్డా, భద్రం" అన్నది. బిడ్డా అంట! నేనా ఇంట్ల అడుగువెట్టి పద్నాలుగేండ్లాయె. నా పట్టుచీర నేను తీసుకోవాల్నన్నా అత్తను బతిలాడి తెరిపిచ్చుకునుడే. నిన్నగాక మొన్నొచ్చినదానికి చెవి! పెద్దకోడలికి రావాలె గదా సారూ?

నవ్వకుండ్రి. మీ ఇంట్ల ఆడోళ్లనడుగుండ్రి, ఎట్ల మండుతదో వాళ్లే చెప్తరు. ఆమె ఆ చెవిని కొంగుకు కట్టుకోని నా ముంగటనే తిరుగుతుంటే నాకు బువ్వ సయించలే. నిజం.

ఆఁ, రేణుకమ్మ. నిన్న లాపుటాపు కనవడలే. అఖిల ఒక్కటే ఏడుపు. మా మరిది ఫోన్ల సూస్తే ఆఖరి జాగ మా ఇల్లే సూపెట్టింది. అంటే బయటి దొంగ కాదు, ఇంట్ల తిరిగెటోళ్ల పనే అన్నరు. అనుడే ఆలస్యం, అందరు రేణుకమ్మ దిక్కు సూసిండ్రు. పసుపు బస్తాలు నింపనీకి కూలికొచ్చింది గదా పాపం. నా దిక్కు ఒక్కలన్న సూడలే.

ఆమె అసొంటిది కాదు సారూ. నిరుడు కల్లంల నా చెవికమ్మ వడిపోతే పసుపుకొమ్ములల్ల ఏరి తెచ్చిచ్చింది.

అంత నమ్మకంగ ఎట్ల చెప్తున్ననా? ఉండుండ్రి. జర నీళ్లియ్యుండ్రి.

అఖిల తానానికి పోయింది. బీరువ తాళంచెవి మంచం మీదనే ఉన్నది. గంతే సారూ, నా చెయ్యి ఆగలే. అమ్ముకుందామని కాదు, నా పిల్లల మీద ఒట్టు. ఒక్కపూట కనవడకపోతే అత్త ఆమెను తిట్టి చెవి గుంజుకుంటదనుకున్న. లాపుటాపును పాత లుంగీల సుట్టి, సగం నిండిన పసుపు బస్తాల దోపిన. కొమ్ములల్ల ఎవలు ఎతుకుతరు? పొద్దుగూకే యాళ్లకు తీసి మంచం కింద పెడ్దామనుకున్న.

తీసుడేంది నా బొంద! ఇల్లంత ఆగమాగమై ఎతుకుతుంటే, ధర దిగుతదని మా ఆయన బస్తాలన్నీ బండికెక్కిచ్చి నిజామాబాదు యార్డుకు పట్టుకపోయిండు. నేను గోడకానుకోని సూసుకుంటనే ఉన్న. ఆపు అంటే ఎందుకంటడు? ఏం చెప్పాలె? రేపు పొద్దుగాల బస్తాలిప్పి రాశి పోస్తరు. అందరి ముంగట పడ్తది. ఎవలన్న ఎత్కపోతే అఖిల కొలువు గూడ పాయె.

ఔ సారూ, నేనే తీసిన. అట్ల సూడకుండ్రి.

అత్తకు భయపడి రాలే ఇక్కడికి. అఖిల ఏడుస్తుందనీ రాలే. అబద్ధమెందుకు, ఆమె ఏడుస్తుంటే లోపట ఎక్కడ్నో సల్లగనే ఉండె. ఇప్పటికి గూడ ఆమె మీద నా కుళ్లు పోలే.

గని గా బస్తా మూతి కుట్టిందెవరో ఎర్కనా? గా బెంచీ మీద కూసున్న రేణుకమ్మనే. నేను దోపంగ కండ్లార సూసింది. మా ఇంటి సంగతి మా ఇష్టమనుకున్నదో ఏమో, ఇదేందని గూడ అడగలే. మిగిలింది నింపి దబ్బనం తీసి కుట్టింది. పొద్దటి సంది మీరు ఎన్నిసార్లు గద్దిచ్చిండ్రు సారూ? ఒక్కసారన్న నా పేరు చెప్పిందా?

చెప్పలే గదా.

యార్డుకు ఫోన్ చేయుండ్రి. నా మీద ఏం రాస్తరో రాసుకోండ్రి. ముందుగాల ఆమెను ఇంటికి పంపుండ్రి, నేను ఆమె మొకం సూడలేకపోతున్న.